బూట్ల బల్ల ఎదుట టెలిఫోను

బడి మూసేస్తున్నారు కాబట్టి దానికో చరిత్ర కావాల్సివచ్చింది. నడిచినన్నాళ్లూ ఆ ఊసు ఎవరికీ పట్టలేదు. మార్చి నెలలో ఓ ఉదయం హెడ్‌మాస్టరు లోథర్ మా ఇంటికి వచ్చి, గడప దాటకుండానే అడిగాడు.

"మేట్రన్, పాత సంగతులు తెలిసినవాళ్లు మీరొక్కరే మిగిలారు. ఓ ఇరవై పేజీలు రాసిపెట్టాలి."

"నేనా? ముప్పై నాలుగేళ్లు పిల్లల ముక్కులు తుడిచినదాన్ని. చరిత్రలు రాయడం నాకేం వచ్చు?"

"తెలిసిందే రాయండి."

"అయితే ముక్కుల చరిత్ర వస్తుంది. తర్వాత నన్ననకు."

నవ్వాడు. మంచివాడే, కాకపోతే అన్నిటికీ నవ్వుతాడు. నేను ఒప్పుకున్నాను. గొప్ప కోసం కాదు. పదిహేను రోజుల్లో నా తలుపు తట్టిన మొదటి మనిషి అతనే, అందుకని. ఎనభై మంది పిల్లల గోల మధ్య బతికినదాన్ని, ఇప్పుడు ఒక్క గుడ్డు ఉడకబెట్టుకుని, ఒక్క కప్పు టీ కాచుకుని, రేడియోతో పోట్లాడుకుంటూ ఉంటాను.

రాయడం మొదలుపెడితే బాగానే సాగింది. గోర్స్‌ఫీల్డ్ హౌస్ 1909లో పుట్టింది. ఒక ఫాదరీ, ఏడుగురు పిల్లలు, ఒక ఆవు. తూర్పు ఇంగ్లాండులోని నార్ఫక్ సముద్రపు గాలి పిల్లల్ని రాటుదేలుస్తుందని ఆయన నమ్మకం. రాటుదేల్చిందో లేదో గానీ, జలుబుకు మాత్రం నూరేళ్లుగా లోటు రాలేదు. ఎనిమిదేళ్లకు పిల్లల్ని తల్లిదండ్రుల చేతుల్లోంచి పుచ్చుకోవడం, ఇక్కడే ఉంచుకుని లాటినూ క్రికెట్టూ నేర్పి పదమూడేళ్లకు పెద్ద బళ్లకు అప్పజెప్పడం, ఇదీ మా పని. మొదటి యుద్ధంలో పోయిన పూర్వ విద్యార్థుల పేర్లు భోజనాల గది గోడ మీద బంగారు అక్షరాల్లో ఉన్నాయి. ఆ పేర్ల కిందే కూర్చుని పిల్లలు ఉడికిన క్యాబేజీ తినకుండా మొండికేసేవారు. రెండో యుద్ధంలో బడిని మొత్తం వేల్స్ కొండల్లోకి తరలించారు. 1956లో పిల్లల ఆలనాపాలనా చూడ్డానికి నేను చేరాను. ఆడపిల్లల్ని చేర్చుకున్న ఏడాదికి ముందే నన్ను సాగనంపారు.

ఇంతవరకూ సాఫీగా వచ్చింది. తర్వాత "పద్ధతులు" అని ఒక భాగం రాయాల్సి వచ్చింది. మా పద్ధతుల్లో మొదటిది మూడు వారాల పద్ధతి. కొత్తగా చేరిన పిల్లవాడిని మొదటి మూడు వారాలూ ఇంటివాళ్లు చూడకూడదు, వాడితో ఫోన్లో మాట్లాడకూడదు. ఉత్తరం రాసుకోవచ్చు. అమ్మ గొంతు వింటే, కుదురుకోబోతున్నవాడు మళ్లీ మొదటికొస్తాడని మా వాళ్ల సిద్ధాంతం. ఆ ఫాదరీకి పిల్లల్లేరు. నాకూ లేరు. అందుకే కాబోలు, ఆ నియమాన్ని ఇద్దరం ఉడుంపట్టు పట్టాం.

అక్కడే నా కలం ఆగింది. ఆగిన వారానికే ఉత్తరం వచ్చింది.

"మేట్రన్, మీరు బడి చరిత్ర రాస్తున్నారని విన్నాను. నేను మాడక్‌ని, 1974లో చేరాను. చేరిన మూడో వారంలో మా అమ్మ పోయింది. ఆ రోజుల్లో ఆవిడ నా కోసం ఒక్కసారైనా ఫోను చేసిందా? చెయ్యలేదని నాన్న అన్నాడు. చేసే ఉంటుందని పిన్ని అనేది. ఇప్పుడు ఇద్దరూ లేరు. జూలైలో ఆఖరి రోజు సభకు వస్తున్నాను. తెలిస్తే చెప్పండి. నాకు నలభై మూడేళ్లు, ఇంకా దీని గురించే ఆలోచిస్తున్నానంటే నవ్వుకుంటారేమో."

నేను నవ్వలేదు. వెతకాల్సిన పనీ లేదు. నా పాత రోజువారీ పుస్తకాలన్నీ మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి. ఎవరికి జ్వరం, ఎవరికి దెబ్బ, ఎవరి ఇంటి నుంచి కబురు, అన్నీ అందులో రాసేదాన్ని. 1974 సెప్టెంబరు 24, మంగళవారం. "సాయంత్రం 6.10. మాడక్ తల్లి ఫోను. ఇవ్వలేదు." నా దస్తూరీయే. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆ పూట నాకు ఎంత బాగా గుర్తుందో చెప్పనా? పిల్లలు టీ ముగించి ఆటల బూట్లు శుభ్రం చేసుకునే వేళ. టెలిఫోను బూట్ల గది నడవాలో గోడకు ఉండేది. బూట్ల చప్పుడూ పిల్లల గోలా హోరెత్తుతుంటే నేనే ఎత్తాను.

"ఐవర్ ఉన్నాడా అండీ?"

"ఏ ఐవర్?" అన్నాను. మా దగ్గర ఇంటిపేర్లే గానీ, సొంత పేర్లు ఎవరికి గుర్తు?

"ఐవర్ మాడక్. వాళ్ల అమ్మని. ఒక్క నిమిషం పిలుస్తారా? ఏడవను. మాటిస్తున్నాను."

"మీకు తెలియనిదేముందండీ? మూడు వారాలు నిండలేదు. పై ఆదివారం కాదు, ఆ తర్వాతి ఆదివారం మాట్లాడొచ్చు. వాడు హాయిగా ఉన్నాడు."

"తింటున్నాడా?"

"బాగా."

"నాకు కొంచెం నలతగా ఉంది, అంతే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, ఏమనుకోకండి. ఆ తర్వాతి ఆదివారం కదా? సరే, ఆగుతాను."

ఆవిడ ఫోను చేసింది ఆస్పత్రి నుంచి. ఆ మాట చెప్పలేదు. చెప్పడం మర్యాద కాదనుకుంది. నలత అంటే ఏమిటని నేనూ అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాను. మా ఇంగ్లీషువాళ్ల రోగమే ఇది, చావనైనా చస్తాం గానీ ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టం. ఆ వచ్చే మంగళవారం ఆవిడ పోయింది. అప్పటి హెడ్‌మాస్టరు పిల్లవాడిని గదిలోకి పిలిచి చెప్పాడు. నేను కోకో కలిపిచ్చాను. అంత్యక్రియలకు పంపితే బెంగపడతాడని పంపలేదు. మర్నాడు లాటిన్ తరగతిలో కూర్చున్నాడు. ఎంత ధైర్యవంతుడో అని మేం మెచ్చుకున్నాం. సిగ్గులేని మెప్పు!

ఈ సంగతి నేను ముప్పై అయిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరం వచ్చాక లోథర్‌కు చెప్పాను.

"ఎందుకండీ ఇప్పుడు ఇదంతా తవ్వుకోవడం?" అన్నాడు. మొదటిసారి నవ్వకుండా. "రికార్డుల్లో లేదని ఒక్క ముక్క రాసేయండి. ఆయనకూ హాయి, మీకూ హాయి."

"రికార్డు నా మంచం కిందే ఉందయ్యా."

"మంచం కింద ఉన్నది ఎవరు చూడొచ్చారు మేట్రన్?"

నిజమే, ఎవరు చూడొచ్చారు? "ఏమీ దొరకలేదు" అని ఉత్తరం రాశాను. తపాలా పెట్టె దాకా వెళ్లి, వెనక్కి తెచ్చుకున్నాను. మర్నాడు మళ్లీ వెళ్లాను, మళ్లీ తెచ్చుకున్నాను. పోస్టమ్మాయి వింతగా చూసింది. జూలై వచ్చేసింది. ఉత్తరం నా చేతిసంచీలోనే ఉండిపోయింది, దాని పక్కన పుస్తకంలోంచి చింపిన ఆ పేజీ కూడా.

ఆఖరి రోజు పచ్చిక మీద టెంటు వేశారు. స్ట్రాబెర్రీలు, ఉపన్యాసాలు. బట్టతల పెద్దమనుషులు నా చుట్టూ చేరి "మేట్రన్, నన్ను గుర్తుపట్టారా?" అని ఒకటే గోల. గుర్తుపట్టినట్టే తలూపాను. మాడక్‌ను మాత్రం నిజంగానే గుర్తుపట్టాను. అందరికీ దూరంగా, కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడూ అంతే.

"మేట్రన్, నా ఉత్తరం అందిందా?"

"అందింది. లోపలికి రా నాయనా, ఇక్కడ గాలి."

ఎక్కడికి తీసుకెళుతున్నానో నాకే తెలియదు. కాళ్లు తిన్నగా బూట్ల గది నడవాలోకి నడిచాయి. టెలిఫోను ఎప్పుడో పీకేశారు. గోడకు నాలుగు మేకు కన్నాలు మిగిలాయి. ఎదురుగా ఆ పొట్టి బల్ల మాత్రం అలాగే ఉంది.

"చెయ్యలేదు కదూ?" అన్నాడు. "ఫర్వాలేదు మేట్రన్. చెయ్యలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అలవాటైపోయింది."

ఆ మాటతో చేతిసంచీ తెరిచాను. ఉత్తరం చేతికి తగిలింది. దాన్ని పక్కకు నెట్టి పేజీ తీసి ఇచ్చాను.

చదివాడు. ఉన్నది నాలుగు ముక్కలే అయినా చాలాసేపు చదివాడు.

"ఇవ్వలేదు," అన్నాడు. "ఎవరు?"

"నేనే."

"నేనెక్కడున్నాను అప్పుడు?"

పైన పడకగదిలో ఉన్నావని చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఆ బల్ల మీద. బూట్లు తుడుచుకుంటున్నావు. వెనక నుంచి నీ మెడ చూస్తూనే ఆవిడతో మాట్లాడాను."

అతను మేకు కన్నాల దగ్గర నుంచి బల్ల దాకా నడిచాడు. అయిదు అడుగులు. ఆ బల్ల మీద కూర్చున్నాడు. పిల్లల బల్ల కదా, మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"తప్పు చేశాను మాడక్," అన్నాను. "ఒక్క నిమిషం పిలిచి ఉంటే ఆకాశం ఊడిపడేది కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. నన్ను క్షమించమని అడగను."

బయట నుంచి లోథర్ కేక వినిపించింది. "మేట్రన్! ఫోటోకి రండి! మీ కోసమే ఆగాం!"

"ఆవిడ గొంతు ఎలా ఉంది?" అన్నాడు మాడక్.

"మెత్తగా. కొంచెం ఆయాసంగా."

"ఏమంది? మొదటి నుంచీ చెప్పండి."

చెప్పాను. తింటున్నాడా అని అడిగిందన్నాను. ఆగుతానందని కూడా చెప్పాను.

"అలా కాదు," అన్నాడు. తల గోడవైపు తిప్పుకున్నాడు. బూట్లు తుడుచుకున్న నాటి మెడే, ఇప్పుడు నెరిసిన వెంట్రుకలతో. "మీలా కాదు. ఆవిడ అన్నట్టు అనండి. ఆవిడ గొంతు ఆఖరున విన్నవాళ్లలో ఇప్పుడు మీరొక్కరే మిగిలారు."

నేను వెళ్లి ఆ మేకు కన్నాల పక్కన నిలబడ్డాను. ముప్పై నాలుగేళ్లలో ఏ పిల్లవాడినీ సొంత పేరుతో పిలిచినదాన్ని కాదు. ఆవిడలాగే మెత్తగా అన్నాను.

"ఐవర్ ఉన్నాడా అండీ?"

"ఉన్నాను," అన్నాడు, బల్ల మీది నుంచి.