నీలం మూత డబ్బా

"పంచదార ఎక్కడ?" అంటూ భర్త తలుపు తోసుకుని వచ్చేసరికి ఆమె మైకు ముందు కూర్చుని, ఫ్యాక్టరీ కార్మికుల కోసం తయారు చేసిన ఆన్‌లైన్ పాఠం చదువుతోంది. పొగ కనిపిస్తే మొదట మెయిన్ స్విచ్ ఆపాలని చెప్పి, అదే ఊపులో "రెండో అరలో, నీలం మూత డబ్బా" అనేసి, మళ్లీ పాఠంలో పడిపోయింది. తర్వాత ఆ ముక్క కత్తిరించడం మర్చిపోయింది. కత్తిరించాల్సిన సమయంలో అత్తగారి కళ్లద్దాలు వెతకాల్సి వచ్చింది మరి.

పాఠాలు రూపొందించడం ఆమె ఉద్యోగం. మనిషి బుర్ర ఒకేసారి మోయగలిగేది కొంచెమే కాబట్టి, ఒక తెరమీద ఒకే సంగతి ఉండాలి, అక్కర్లేనిదేదీ కంటికీ చెవికీ అడ్డం పడకూడదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి నేర్పేది ఆమే. ఇంట్లో మాత్రం ఎవరి సాక్సులు ఎక్కడున్నాయి, పిల్లకు పరీక్షలెప్పుడు, పాలు ఉన్నాయా విరిగాయా, ఆడపడుచు పుట్టినరోజు ఏనాడు, అన్నీ ఆమె ఒక్క బుర్రలోనే. "నీకు జ్ఞాపకశక్తి ఎక్కువ కదా," అని భర్త మెచ్చుకుంటాడు. మొదట్లో ఆ మాటకు మురిసిపోయేది కూడా, పిచ్చిమొహం.

ఆ పాఠాన్ని ముందుగా కొందరు కార్మికులకు వినిపించి, ఏం గుర్తుందని అడిగారు. సగం మందికి మెయిన్ స్విచ్ గుర్తులేదు. నీలం మూత డబ్బా అందరికీ గుర్తుంది. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. మేనేజరు నవ్వలేదు. మీకు ఇంటి బాధ్యతలుంటాయి, ఈ కోర్సు వేరేవాళ్లకు ఇచ్చేద్దాం అన్నాడు. ఏడాదిపాటు ఒళ్లు దాచుకోకుండా తయారు చేసిన కోర్సు అది. మళ్లీ రికార్డు చేసిస్తానని బతిమాలి, సాయంత్రం దాకా గడువు తెచ్చుకుంది. బతిమాలినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

సంగతి చెబితే భర్త, "పోనీలే, మన వంటిల్లు వాళ్లకైనా తెలిసింది," అన్నాడు.

నవ్వబోయి ఆగిపోయింది. వాళ్లు ఒక్కసారి విని గుర్తుపెట్టుకున్నారు. ఈ మనిషి పెళ్లయినప్పటి నుంచీ వింటున్నాడు. బుర్ర లేక కాదు, అవసరం పడక. అడిగిందే తడవుగా జవాబు అందిస్తూ పోతే ఎవరూ ఏదీ నేర్చుకోరని ఎందరికి చెప్పిందో. ఇంటికొచ్చి చేస్తున్నది మాత్రం అదే.

మళ్లీ మైకు ముందు కూర్చుంది. గొంతు సవరించుకుంటుండగానే తలుపు తెరుచుకుంది. తెల్ల చొక్కా కనపడటం లేదట. ఎక్కడుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చెప్పు, ఒక్క ముక్కే కదా," అన్నాడతను.

ఆమె లేచి తలుపు దగ్గరకు వెళ్లింది.

"ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పను," అని, గడియ పెట్టుకుంది.