వెర్లీన్ రాసిచ్చిన జాబితా

పొద్దున్నే కాఫీ కలుపుకుని, వెర్లీన్ టాకెట్ ముందుగా నొప్పిని కుర్చీలోంచి లేపేది. స్టవ్ పక్కనున్న ఆ ఊగే కుర్చీ నిజానికి ఆమెదే. ఏడు నెలల కిందట ఫ్రిజ్ తలుపుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికొస్తుంటే సిమెంటు లారీ ఆమె కారును గుద్దింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు నొప్పి కూడా వెంట వచ్చి ఆ కుర్చీ ఎక్కింది. దూడంత ఉంటుంది, తడిసిన గోనెసంచి రంగు. ఎవరినీ ఏమీ అనదు. వెర్లీన్ పది నిమిషాలు నిలబడితే మాత్రం వచ్చి ఎడమ మోకాలి మీద ఒరుగుతుంది. చర్చి ఆడవాళ్లు దాన్ని దాటుకుని వెళ్లి, వండి తెచ్చిన గిన్నెలు ఫ్రిజ్‌లో సర్ది పోయేవాళ్లు.

ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలూ నిలబడే పని. వెర్లీన్‌కు యాభై ఆరేళ్లు. ప్రమాదం నాటి నుంచీ సెలవులో ఉంది. లారీ కంపెనీ ఇచ్చే పరిహారంతో పని మానేసి, పెన్షన్ వచ్చేదాకా కాలికి విశ్రాంతి ఇవ్వాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క ఆశ.

పరిహారమైతే కుదిరింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, వారం తిరక్కుండా ఫ్యాక్టరీ ఆరోగ్య పథకం నుంచి ఉత్తరం దిగింది. ఆపరేషన్లకు మేం పెట్టిన ఖర్చు ముందు మాకు కట్టండి, మిగిలితే మీరు ఉంచుకోండి అని. మిగిలేది ఏమీ లేదు. లాయరు హెన్స్లీ కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ పథకం ఫ్యాక్టరీ సొంత డబ్బుతో నడుస్తోంది కాబట్టి ఇలాంటి వసూళ్లను ఆపే మన రాష్ట్ర చట్టం దానికి వర్తించదన్నాడు. ఏటా నవంబరులో డోనట్లు పెట్టి సంతకాలు చేయించుకునే కాగితాల్లోనే ఇదంతా ఉందట. జామ్ డోనట్లు ముందే అయిపోతాయన్న తొందరలో వాటిని చదివే తీరిక ఎవరికి?

ఉత్తరంతో పాటు ఒక ఫారం కూడా పంపారు. ప్రమాదం వల్ల మీకు వచ్చినవన్నీ రాయాలి. పరిహారం ఒక్కటే రాసి పంపమన్నాడు లాయరు. వెర్లీన్ మాత్రం రెండో గీత మీద, చర్చివాళ్లు చేపలు వేయించి అమ్మి తన కోసం పోగుచేసిన పదకొండు వందల నలభై డాలర్లు కూడా రాసింది. చనిపోయిన భర్త చెల్లెలు ఓపల్ పక్కనే కూర్చుని చూస్తోంది.

"అదెందుకు రాస్తావు వదినా? అది మనవాళ్ల చలవ."

"అన్నీ రాయమన్నారుగా. అన్నీ అంటే అన్నీ."

మూడో గీత ఖాళీగా ఉంది. వెర్లీన్ కాసేపు కుర్చీ వంక చూసింది. 'నొప్పి ఒకటి. వంటింట్లో ఉంటుంది' అని రాసి సంతకం పెట్టింది.

పథకంవాళ్లు జాబితా మొత్తం తమదేనన్నారు. చేపల డబ్బు కోసం కొట్లాడవచ్చు, ఏడాది పడుతుందన్నాడు లాయరు. తనకు ఓపిక లేదంది వెర్లీన్. నిజంగానే లేదు.

మార్చిలో పథకం తరఫున కోడీ ప్రూయిట్ అనే మనిషి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, టై వదులుగా వేలాడుతోంది. రెండు చెక్కులు తీసుకుని రెండు టిక్కులు పెట్టాడు. మూడోది ఎక్కడని అడిగితే ఆమె కుర్చీ చూపించింది. అతను రసీదు రాసిచ్చాడు. నొప్పి మెల్లగా లేచి అతని వెంట నడిచింది.

వెర్లీన్‌కు అతని మీద జాలేసింది. కారు దాకా వెళ్లింది.

"వాన పట్టినప్పుడు బరువెక్కుతుంది బాబూ. రాత్రిళ్లు ఎడమ పక్కకు తిరిగి పడుకోకు."

"నేను ఆఫీసులో అప్పజెప్పేస్తానమ్మా."

"అప్పజెప్పేదాకానైనా."

అది ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. కోడీ ఎడమ మోకాలు నిమురుకుంటూ కారు తీశాడు.

"వదినా," వాకిట్లోంచి ఓపల్ పిలిచింది, "నీ చేతికర్ర ఇక్కడే ఉండిపోయింది."

వెర్లీన్ వెనక్కి తిరిగి తాను దిగొచ్చిన మూడు మెట్లనూ చూసింది. ఒక కాలు ఎత్తి దించింది, తర్వాత రెండోది. ఎన్నాళ్లకో నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. డబ్బు పోయింది. ఇక సోమవారం షిఫ్టుకు రానని చెప్పడానికి ఆమె దగ్గర ఏ కారణమూ మిగల్లేదు.