రెండు చుక్కల నూనె

మా వీధిలో నన్ను టార్చ్‌ల డాక్టర్ అంటారు. ఆ బిరుదు నాకు నేనే ఇచ్చుకున్నాను. నాలుగేళ్లు విసుగు లేకుండా అలా చెప్పుకుంటూ తిరిగితే చివరికి జనానికీ అలవాటైంది. తుక్కు దుకాణాల్లో పడి ఉన్న, ఇనుము కోసే పాత గ్యాస్ కటింగ్ టార్చ్‌లు కొనుక్కొచ్చి, బాగుచేసి అమ్ముతాను. నాజిల్ రంధ్రాల్లో మసి తీస్తాను, అరిగిన వాషర్లు మారుస్తాను, అతుకుల మీద సబ్బు నురగ పూసి గ్యాస్ ఎక్కడ కారుతోందో చూస్తాను. వచ్చినవాళ్లకు ఉపన్యాసం ఉచితం. అందులో మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఆక్సిజన్ వెళ్లే దారిలో నూనె తగలకూడదు. తగిలిందా, అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. దానంతటదే భగ్గుమంటుంది."

ఆ మాట ఎంత గొప్పగా చెబుతానంటే, అది ఎదుటివాళ్లకే తప్ప నాకు వర్తించదని నాకే నమ్మకం కుదిరిపోయింది.

ఆ రోజు మా అక్క కూతురు వస్తానంది. కటింగ్ పని నేర్చుకుంది, పాత బాయిలర్లు విప్పే యార్డులో మర్నాడే చేరుతోంది. దానికి సొంత టార్చ్ నేనే ఇస్తానని ఇంటిల్లిపాది ముందూ డప్పు కొట్టుకున్నాను. తీరా చూస్తే, ఉన్నవాటిలో మంచిదానికి ఆక్సిజన్ వాల్వ్ బిగుసుకుపోయి ఉంది. విప్పి, కడిగి, లోపలి వాషర్ మార్చాలి. గంట పని. నాకు మిగిలింది పది నిమిషాలు, ఎందుకంటే మిగతా యాభై నిమిషాలూ దాని ఇత్తడిని తళతళలాడించడానికి తగలేశాను. పక్కనే కుట్టుమిషన్ నూనె ఉంది. రెండు చుక్కలు వేశాను. వాల్వ్ హాయిగా తిరిగింది.

పిల్ల వచ్చింది. టార్చ్ చూసి మురిసిపోయింది.

"ఇది పాతదంటే ఎవరూ నమ్మరు మావయ్యా! వాల్వ్ ఇంత సాఫీగా ఎలా తిరుగుతోంది?"

"చేతి చలవ" అన్నాను, సిగ్గు లేకుండా.

"అయితే ఇక్కడే ఒకసారి వెలిగించి చూస్తా" అంటూ షెడ్డులో ఉన్న సిలిండర్లకు ట్యూబులు బిగించేసింది. నిజం చెప్పాల్సిన నోరు వేరే దారి పట్టింది.

"ముందు టీ తాగవే."

"తర్వాత తాగుతాలే."

"పోనీ ఇలా ఇవ్వు, ఇంకోసారి తుడుస్తాను."

"అద్దంలా ఉంది, ఇంకేం తుడుస్తావ్?" అని ఆక్సిజన్ సిలిండర్ తిప్పడానికి చెయ్యి వేసింది.

అప్పుడు కూడా నేను ఏమనుకున్నానో చెప్పితీరాలి. రెండు చుక్కలకి ఏమవుతుందిలే అనుకున్నాను. దాని ముఖం ఆ టార్చ్‌కి జానెడు దూరంలో ఉంది.

"తిప్పకే! అందులో నూనె వేశాను!"

అది చెయ్యి తీసేసింది. ట్యూబులు విప్పింది, వాల్వ్ విప్పింది, లోపల వేలితో తుడిచి వాసన చూసింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు.

"ఇంకా ఎన్నింటికి వేశావ్ ఇలా?" అని అడిగింది.

ఇదొక్కదానికే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పటిదాకా మీతోనూ అలాగే చెప్పుకొచ్చాను కదా.

"రెండింటికి. పోయిన వారం అమ్మేశాను" అన్నాను.

నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

మొదటివాడు వెల్డింగ్ షాపువాడు. టార్చ్ ఇంకా పెట్టెలోంచే తీయలేదట. తిట్టి పెట్టేశాడు. రెండోవాడు గేట్లు చేసే మేస్త్రి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మా అక్క కూతురు నా పక్కనే నిలబడి నేల చూస్తోంది. మూడోసారికి ఎత్తాడు.

"పనిలో ఉన్నానయ్యా, ఏంటి తొందర?"

వెనక టార్చ్ బుస్సుమంటున్న చప్పుడు వినబడుతోంది.

"ఆపెయ్ అన్నా! ముందు సిలిండర్ కట్టెయ్! వాల్వ్‌లో నేను నూనె వేశాను!"

ఆ చప్పుడు ఆగింది. "అన్నా, అన్నా" అని రెండుసార్లు పిలిచాను. తర్వాత మేస్త్రి తిట్లు అందుకున్నాడు. నన్ను, నా షెడ్డును, నన్ను డాక్టర్ అన్నవాళ్లందరినీ కలిపి ఏకిపారేశాడు. నేను ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, కళ్లు కారిపోతుంటే, ఎక్కడ ఆపేస్తాడోనని భయపడుతూ విన్నాను.