ఫౌంటెన్ గుంట

కోడలు రెండు చేతులా దుప్పటి పట్టుకుని నిలబడి ఉండగానే ఆ పని జరిగింది.

చేపల మార్కెట్ వెనక, సిమెంటు గోడౌన్ ప్రహరీకీ చెత్తకుప్పకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. మార్కెట్లో కూర్చునే ఆడవాళ్లందరికీ అదే దిక్కు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు దుప్పటి అడ్డం పట్టాలి. ఆ పొద్దున అత్త వెళ్లింది, కోడలు పట్టింది. గోడ మీంచి గోడౌన్ వాచ్‌మన్ తల పైకి లేచింది. మరుక్షణం బకెట్టెడు మురికినీళ్లు అత్త నెత్తిన పడ్డాయి.

"ఎన్నిసార్లు చెప్పాలే ముసలిదానా? ఇది మీ అబ్బ జాగానా?"

అత్త లేవబోయింది. కాలు జారింది. ఒక చేత్తో గోడ పట్టుకోవాలో చీర సర్దుకోవాలో తెలియక బురదలో కూలబడింది. టీ బడ్డీ దగ్గరున్న మగవాళ్లు నవ్వారు. ఒకడైతే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఆ దుప్పటితోనే అత్త ఒళ్లు తుడిచి బుట్టల దగ్గరికి నడిపించుకొచ్చింది.

"ఏడవకే. చేపల మీద నీళ్లు చల్లు, ఎండిపోతున్నాయి" అంది అత్త.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో, చేప పొలుసు తీయడం కంటే ముందే అత్త నేర్పిన పాఠం ఒకటుంది. ఇంట్లో గుక్కెడు నీళ్లతో నోరు తడుపుకోవాలి, మళ్లీ ఇంటికొచ్చేదాకా చుక్క ముట్టకూడదు. పక్కన కూర్చునే ఆకుకూరల పిల్లా అంతే, నిమ్మకాయలక్కా అంతే. ఎండలో నాలుక పిడచకట్టుకుపోతున్నా పక్కనున్న కుండ వైపు చూడరు. అలా ఏళ్లకేళ్లు గడిపిన అత్తకి ఆ వారంలోనే ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు పరీక్షలు చూసి నొసలు చిట్లించాడు. "కిడ్నీలు పాడయ్యాయమ్మా. అసలు నీళ్లెందుకు తాగవు నువ్వు?"

"తాగితే వెళ్లాలి కదా బాబూ. ఎక్కడికెళ్లను?"

డాక్టరు మందులు రాశాడు. నీళ్లు బాగా తాగమని చెప్పి పంపించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మున్సిపాలిటీ వాళ్లు ప్రజాభిప్రాయ సభ పెట్టారు. మార్కెట్ ముందున్న ఖాళీ మైదానంలో ఏం కట్టాలో ఊరి జనమే చెప్పాలట. నిమ్మకాయలక్క మార్కెట్ అంతా తిరిగి ఆడవాళ్లని పోగుచేసింది. ఆమెకి నోరెక్కువని ఊరంతటికీ తెలుసు. బుట్టల మీద గోనెపట్టాలు కప్పి అందరూ హాలుకి వెళ్లారు. కుర్చీలన్నీ అప్పటికే కొట్ల యజమానులతో నిండిపోయాయి. వీళ్లు గోడవారన నిలబడ్డారు.

వేదిక మీద గోడంత బొమ్మ ఉంది. రంగురంగుల దీపాల మధ్య పైకెగిసే నీళ్లు, చుట్టూ బెంచీలు, బెంచీల మీద తెల్లబట్టల మనుషులు. చేపల బుట్టలు లేవు. కూరగాయల రాశుల్లేవు. తమ మార్కెట్ ఉన్నచోట పచ్చగడ్డి వేసి ఉంది.

"ఊరు మీది, పన్ను మీది, నిర్ణయమూ మీదే" అన్నాడు ఛైర్మన్. చప్పట్లు మోగాయి. నిమ్మకాయలక్క చెయ్యెత్తింది. ఛైర్మన్ ఆమెని చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. తల వంచుకుని నిలబడ్డ కోడలి మీద ఆయన కన్ను పడింది. "మన మార్కెట్ ఆడపడుచులు కూడా వచ్చారు. ఆ అమ్మాయికి మైకివ్వండి. చెప్పమ్మా, భయపడకు."

ఇంతమంది మగవాళ్లు ఒక్కసారే తన వైపు తిరగడం కోడలు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అత్త అడగమన్న మాట గొంతులోనే ఉంది. సిగ్గు దాని మీద బండరాయిలా కూర్చుంది.

"మాకు... మార్కెట్లో ఆడవాళ్లకి... వసతి కావాలండీ."

"వసతి! శభాష్!" అంటూ ఛైర్మన్ మైకు వెనక్కి తెప్పించుకున్నాడు. "విన్నారుగా? ఆడవాళ్లు కూడా వసతులే అడుగుతున్నారు. బెంచీలు, దీపాలు, ఫౌంటెన్, ఇవన్నీ వసతులే!"

నిమ్మకాయలక్క ఏదో అరిచింది. ఆ అరుపు చప్పట్లలో కలిసిపోయింది.

మర్నాడు మార్కెట్లోకి ఆటో వచ్చింది. "ప్రజలందరి ఆమోదంతో, మార్కెట్ మహిళల ప్రత్యేక కోరిక మేరకు, మైదానంలో సంగీత ఫౌంటెన్!" అంటూ చాటింపు వేసుకుంటూ పోయింది. చేప కోస్తున్న కోడలి చేతిలో కత్తి ఆగిపోయింది.

బేరాలు సద్దుమణిగాక అందరూ చేపల షెడ్డులో చేరారు. అది మీటింగని ఎవరూ అనలేదు. కడుపు మండి పోగయ్యారు, అంతే. అత్త కూడా వచ్చి గోనెల మీద పడుకుంది. వద్దన్నా వినలేదు.

"వసతి అట, వసతి! సత్రంలో గది అడిగినట్టు!" నిమ్మకాయలక్క విరుచుకుపడింది. "కావలసిందేదో అనలేకపోయావేమే?"

"అంతమంది మగాళ్ల ముందు ఎలా అనను అక్కా? నువ్వయితే అనేదానివా?"

"ఎందుకనను? మాకు... ఆడవాళ్లకి..." నిమ్మకాయలక్క నోరు తెరిచింది, మూసింది. చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర హమాలీల మేస్త్రి, అతని మనుషులు నిలబడి వింటున్నారు. ఊరందరి నోళ్లూ మూయించే మనిషి నీళ్లు నమిలింది. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులో కోడలి కన్నీళ్లు ఎవరికీ కనబడలేదు.

అత్త మోచేతి మీద లేచింది. "నవ్వింది చాలు. నేను ఈ మార్కెట్లోనే ముసలిదాన్నయ్యాను. ఆ మాట ఏ ఆడదీ గట్టిగా అనగా వినలేదు. మనం అనం, వాళ్లు కట్టరు. ఇక్కడే అనండే ముందు. మరుగుదొడ్డి! ఆ... మరుగుదొడ్డి! చచ్చిపోలేదుగా నేను?"

ముందు ఆకుకూరల పిల్ల అంది. నిండుగర్భిణి, పొద్దస్తమానం ఉగ్గబట్టుకుని కూర్చునే పిల్ల. చెంగు నోటికడ్డం పెట్టుకుని అంది. పక్కావిడ చెంగు లాగేసి "మళ్లీ అను" అంది. ఒకరి వెనక ఒకరు అన్నారు. కిసుక్కుమంటూ అన్నారు, కోపంగా అన్నారు. తన వంతు వచ్చాక కోడలు కళ్లు గట్టిగా మూసుకుని అంది. తెరిచేసరికి అత్త తననే చూస్తోంది.

"బరితెగించారు!" అన్నాడు మేస్త్రి. "ఫౌంటెన్ కడితే మావాళ్లకి సిమెంటు మోసే పని దొరుకుతుంది. మీ గోలతో అది కాస్తా పోతే మా పిల్లల నోట్లో మట్టి కొట్టినవాళ్లవుతారు."

మేస్త్రి పెళ్లాం టమాటాలమ్ముతుంది. ఆమే లేచింది. "మరుగుదొడ్డి గాలితో కడతారా? దానికి మాత్రం సిమెంటు మొయ్యక్కర్లేదా? నీకేం, ఏ గోడ కనబడితే ఆ గోడ వైపు తిరుగుతావు. నా సంగతి ఒక్కరోజన్నా అడిగావా?"

మేస్త్రి మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు. అతని మనుషుల్లో కొందరు మాత్రం కదల్లేదు.

తర్వాత వాళ్లు ఛైర్మన్ గదికి వెళ్లారు. ఆయన కూర్చోమనలేదు, కసురుకోనూ లేదు.

"మీ బాధ నాకు తెలీదా? కానీ ఇది సుందరీకరణ పద్దు. ఈ పద్దులో డబ్బు ఇంకోదానికి వాడకూడదు. రూలు ఒప్పుకోదు."

"రోజూ గేటు దగ్గర మా బుట్టల మీద వసూలు చేసే ఆశీలు ఏ పద్దులోకి పోతోంది సార్?" అడిగింది టమాటాలావిడ.

"అది సాధారణ పద్దు."

ఆయన కుర్చీ వెనక తెల్లరంగు వేసిన చిన్న తలుపు, దాని లోపల్నించి కుళాయి శబ్దం. నిమ్మకాయలక్క దాని వైపు చూపించింది. "మరి అది ఏ పద్దులో కట్టారు?"

ఛైర్మన్ గంట నొక్కాడు. ప్యూన్ వచ్చి వాళ్లని బయటికి నడిపించాడు. వాళ్లు గుమ్మం దాటుతుంటే ఆయనొక మాటన్నాడు: వచ్చే ఏడు బడ్జెట్లో చూద్దాం.

వచ్చే ఏడుదాకా అత్త ఆగలేదు. ఒళ్లంతా నీరు పట్టింది. ఆసుపత్రి మంచం మీద నీళ్లు తాగిస్తుంటే "చాలే, మళ్లీ లేవాలి" అని చేత్తో అడ్డం పెట్టుకునేది. అక్కడ పక్కనే గది ఉందని కోడలు ఎన్నిసార్లు చెప్పినా ఆ భయం వదల్లేదు. ఆ భయంతోనే పోయింది.

అత్తని సాగనంపి వస్తుంటే మైదానంలో యంత్రం ఫౌంటెన్‌కి గుంట తవ్వుతోంది. ఆడవాళ్లందరూ తలలు వంచుకుని దాటిపోతున్నారు. కోడలు ఆగింది. లోతుగా, వెడల్పుగా ఉంది గుంట. తన కాళ్ల దగ్గర కూలిన మట్టి వైపు చూసింది. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, దాని వెనకే ఒక ఆలోచన వచ్చింది.

"గుంట వాళ్లే తవ్వారు అక్కా" అంది నిమ్మకాయలక్కతో. "గోడ మనం కడదాం."

శంకుస్థాపన రోజు ఇంకా ఎండెక్కకముందే పని పూర్తయింది. గోనెసంచులు విప్పి పట్టాలుగా కుట్టారు. కూరగాయల షెడ్డులోని వెదురుకర్రలు తెచ్చి గుంట చుట్టూ పాతారు. గుంట మీద చెక్కలు అడ్డంగా పరిచారు. మేస్త్రి మనుషుల్లో ఆ రోజు కదలకుండా నిలబడ్డవాళ్లే కర్రలు దిగ్గొట్టారు. గోనెపట్టాల గుమ్మం ముందు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. చేపలు, కూరలు, నిమ్మకాయలు అమ్మే ప్రతి ఆడదీ ఆ వరసలో ఉంది. ఒక్కొక్కరు లోపలికి వెళ్లి తీరుబడిగా వస్తున్నారు.

ఛైర్మన్ కారు దిగాడు. వెనక కాంట్రాక్టరు, పేపరువాళ్లు, కొట్ల యజమానులు, బందోబస్తుకొచ్చిన ఎస్సై, పోలీసులు. ఆయన మెడలో దండ ఇంకా సర్దుకోలేదు. "ఏంటిది?" అన్నాడు.

కోడలు ముందుకొచ్చింది. ఈసారి తల వంచుకోలేదు.

"మరుగుదొడ్డి సార్. ఆ రోజు సభలో నేను అడిగింది ఇదే. మీరు ఫౌంటెన్ అని రాసుకున్నారు. అభిప్రాయం చెప్పమన్నారుగా, ఇదిగో మా అభిప్రాయం. ఇది దొరక్క మా అత్త చచ్చిపోయింది."

జనంలో ఎవరో నవ్వబోయి ఆగారు. కాంట్రాక్టరు ఎస్సై చెవిలో ఏదో అన్నాడు.

"పీకెయ్యండి" అన్నాడు ఎస్సై.

"ఆగండి! లోపల మనిషుంది!" ఆడవాళ్లు అరిచారు. లోపల ఆకుకూరల పిల్ల ఉంది. పోలీసులు ఆగలేదు. గోనెపట్టా ఒకవైపు చిరిగి జారింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు గుంట చుట్టూ వలయం కట్టారు. ఆ పిల్ల వైపు వీపులు పెట్టి, చేతులు కలిపి, పోలీసుల వైపు మొహాలు తిప్పి నిలబడ్డారు. లాఠీలు లేచాయి. నిమ్మకాయలక్క నుదురు చిట్లింది. కోడలి భుజం మీద పడ్డ దెబ్బకి చెయ్యి వేలాడిపోయింది. రెండోవైపు చెయ్యి మాత్రం టమాటాలావిడ వదల్లేదు. తనూ దెబ్బ తిని మోకాళ్ల మీద కూలిపోయింది. దూరంగా లారీ పక్కన నిలబడ్డ మేస్త్రి అది చూశాడు.

పిల్ల బట్టలు సర్దుకుని బయటికి వచ్చేదాకా వలయం విడిపోలేదు. తర్వాత అందరినీ వ్యాన్ ఎక్కించారు.

స్టేషన్లో వెనక గదిలో కూర్చోబెట్టారు. ఆకుకూరల పిల్ల పొత్తికడుపు పట్టుకుని మూలుగుతోంది. కాపలాగా ఒక ఆడ కానిస్టేబుల్ని పెట్టారు. చిన్న వయసే. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి.

"అమ్మా, ఈ పిల్లని బాత్రూముకి తీసుకెళ్లాలి" అంది కోడలు.

కానిస్టేబుల్ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇక్కడ ఆడవాళ్లకి లేదు."

"మరి నువ్వు?"

"డ్యూటీ అయ్యేదాకా నీళ్లు తాగను" అంది ఆ అమ్మాయి. నిమ్మకాయలక్క నెత్తురోడుతున్న నుదుటి మీది గుడ్డ తీసి ఆమెని ఎగాదిగా చూసింది. తిట్టబోయిన తిట్టు మింగేసింది.

ఎస్సై కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఇంకెప్పుడూ మైదానంలో అడుగు పెట్టబోమని రాసి సంతకాలు పెడితే ఇళ్లకి పంపిస్తానన్నాడు. కోడలు తల అడ్డంగా ఊపింది. "కేసు రాసుకోండి. ఏం అడిగామో కూడా రాయండి. ఆ మాట మాత్రం మార్చకండి."

అప్పుడే బయట చప్పుడైంది. కర్ర మీద సుత్తి పడుతున్న చప్పుడు. కోడలు కిటికీ ఊచల దగ్గరికి వెళ్లింది. స్టేషన్ ఆవరణ నిండా మార్కెట్ జనం. సిమెంటు లారీ దించకుండానే హమాలీలంతా వచ్చేశారు. ఆవరణ మధ్యలో వెదురుకర్ర నిలబెట్టి మేస్త్రి సుత్తితో కొడుతున్నాడు. అతని భుజాన గోనెపట్టా ఉంది. "లోపల మా ఆడవాళ్లున్నారు. ఇక్కడా లేదంటగా! మేం కడతాం!" అని కేకేస్తున్నాడు.

"పో, ఆ కర్రలు పీకించు!" ఎస్సై కానిస్టేబుల్ మీద అరిచాడు.

ఆ అమ్మాయి బయటికి వెళ్లింది. మెట్లు దిగి జనంలోంచి నడిచి మేస్త్రి దగ్గర ఆగింది. మేస్త్రి సుత్తి దించి కర్రకి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ ఏమనుకున్నారో కోడలికి వినబడలేదు. అయితే ఆ తర్వాత జరిగింది మాత్రం ఆవరణలో ఉన్న అందరూ చూశారు. పక్కకి ఒరిగిపోతున్న కర్రని కానిస్టేబుల్ రెండు చేతులా నిటారుగా పట్టుకుంది. మేస్త్రి మళ్లీ సుత్తి ఎత్తాడు.

గేటు దగ్గర మరో పోలీసు వ్యాన్ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి. లోపల గదిలో ఆడవాళ్లంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచి నిలబడ్డారు.