వియ్యపురాలి కనుబొమ్మ

“ఈ పెళ్లి జరగదే తల్లీ! మీ అత్తగారు ఈ బొమ్మను చూసిన మరుక్షణం చెప్పులేసుకుని వెళ్లిపోతుంది, చూస్తూ ఉండు.”

ఆ మాట అంటూనే తల్లి వర్క్‌షాపులో బల్ల చుట్టూ మళ్లీ ఒక ప్రదక్షిణ చేసింది. కూతురు చెక్కతో బొమ్మలు చెక్కుతుంది. కాబోయే అల్లుడు వాటికి దారాలు కట్టి ఆడిస్తాడు, గొంతులు పెట్టి మాట్లాడిస్తాడు. ఇద్దరికీ తిన్నా అదే, పడుకున్నా అదే. అందుకే పెళ్లి కూడా ఈ రంపప్పొట్టు మధ్యనే అన్నారు. వచ్చేవాళ్లను గుమ్మంలో బొమ్మలే పలకరించాలట, ఇంట్లో మనిషికొక బొమ్మ. అంతా బాగానే ఉంది కానీ అబ్బాయి తల్లి ఇంకా సరేననలేదు. “ముందు కళ్లతో చూస్తాను, ఆ తర్వాతే నా మాట” అంది. ఆ చూడ్డానికే ఈ సాయంత్రం వస్తోంది.

ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బొమ్మా అలాగే ఉంది, కనుబొమ్మలు రెండూ ముడిచి, క్లాసులో ఈల వేసిన వాణ్ని వెతుకుతున్నట్టు.

“కాస్త నవ్వుమొహం పెడితే నీ సొమ్మేం పోయిందే?”

“ఆవిడ నవ్వగా నేనెప్పుడూ చూళ్లేదమ్మా. చూడనిది ఎలా చెక్కను?”

“నన్ను మాత్రం చూశావు కాబోలు! చెంపన చెయ్యేసుకుని కొంప మునిగినదానిలా చేశావు.”

“మీ చెయ్యి ఎప్పుడూ అక్కడే కదత్తయ్యా, చెంపలో భాగమైపోయింది” అన్నాడు నిచ్చెన మీంచి కాబోయే అల్లుడు.

“నవ్వండి, నవ్వండి. రేపు నలుగురూ మనల్ని చూసి నవ్వుతారు.”

పిల్లలిద్దరూ ఆవిణ్ణి తీసుకురావడానికి వీధి చివరికి వెళ్లారు. తల్లి ఒక్కతే మిగిలింది. మనసు ఊరుకుంటేగా! ఆ చిటపటలు కొంచెం తగ్గిస్తే చాలనుకుని తడిగుడ్డ తీసి వియ్యపురాలి బొమ్మ నుదుటి మీద అలా రాసింది. పైన వార్నిష్ ఇంకా వేయలేదని తనకేం తెలుసు? ఒక కనుబొమ్మ మొత్తం గుడ్డకి అంటుకుని వచ్చేసింది.

సంచిలోంచి కాటుక తీసి హడావిడిగా వేలితో కొత్త కనుబొమ్మ దిద్దింది. అది కాస్తా నుదుటి మధ్యకి ఎగబాకింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్నట్టు, ఒక కన్ను ఉరుముతోంది, రెండో కన్ను “అవునా!” అని ఆశ్చర్యపోతోంది. ఇక చెరిపితే నుదురంతా నలుపే.

అంతలో తలుపు తెరుచుకుంది.

వియ్యపురాలు లోపలికి వచ్చి, ఎవరినీ పలకరించకుండా సరాసరి తన బొమ్మ ముందు నిలబడింది. కూతురు బొమ్మను చూసింది, తర్వాత అమ్మ వేలికున్న కాటుకను చూసింది.

“ఇది నేనేనా?” అందావిడ.

అయిపోయింది! సంబంధం గంగలో కలిసింది. మొహం చెల్లక తల్లి, ఏం చేస్తోందో తనకే తెలియకుండా, కొక్కేనికి వేలాడుతున్న తన బొమ్మను దింపి దాని వెనక దాక్కుంది. దారాలు చిక్కుపడి బొమ్మ చెయ్యి చెంప వదిలి టక్కున నెత్తిన మొట్టుకుంది.

“వదినగారూ,” అంది బొమ్మ వెనకనుంచి, “ఆ కనుబొమ్మ నా నిర్వాకం. పిల్లలకేం తెలీదు. నాకు ప్రతిదానికీ భయమే, ఏం చెయ్యమంటారు? ఈ పెళ్లంటే ఇంకా భయం. కానీ వీళ్ల మొహాలు చూడండి, ఎంత ముచ్చటపడుతున్నారో! మీరు లేకుండా చేసుకోలేరు. కోపముంటే నన్ను తిట్టండి. వీళ్లకి మాత్రం సరేననండి.”

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. తల్లి బొమ్మ భుజం మీదుగా ఒక కన్నుతో తొంగిచూసి, గబుక్కున మళ్లీ వెనక్కి తగ్గింది. వియ్యపురాలు ఇంకా తన బొమ్మ ముందే నిలబడి ఉంది. నిచ్చెన కింద పిల్లలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. వెళ్లిపోతుంది, ఇప్పుడే వెళ్లిపోతుంది అనుకుంటూ తల్లి చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

చెప్పుల చప్పుడు కాదు, హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత కొక్కెం కిరకిరలాడింది. దారాలు బిగుసుకుని, ఒక కనుబొమ్మ దించి ఒకటి ఎత్తిన చెక్కమొహం మెల్లగా తల పైకెత్తింది.

“వదినగారూ,” అంది ఆ బొమ్మ, చివరి బెంచీదాకా వినిపించే గొంతుతో, “ఆ రెండోది కూడా పైకే దిద్దండి. పెళ్లికి నేనలాగే వస్తాను.”