కొరికితే గానీ తెలియని బొమ్మ

పళ్ల డాక్టరు భార్య కాబట్టి ఆ వీధిలో అందరూ ఆవిడను డాక్టరమ్మ అంటారు. ఆవిడ చేతిలో ఉండేది మాత్రం పెయింట్ మార్కర్. గులకరాళ్ల మీద బొమ్మలు వేయడమంటే ఆవిడకు పిచ్చి. పిచ్చికి మందు లేదు సరే, ఆ బొమ్మలకు పోలిక కూడా లేదు. కుందేలును వేస్తే ఆడపడుచు చూసి, "వదినా, ఈ చెప్పు రెండోది ఏదీ?" అంది. పిల్లిని వేస్తే పక్కింటి డ్రాయింగు మాస్టారు తల అటూ ఇటూ తిప్పి చూసి, "సంచి బాగుందమ్మా" అన్నారు. మీసాలను ఆయన సంచి తాళ్లనుకున్నారు. ఆ పూట ఆవిడకు ముద్ద దిగలేదు.

డాక్టరమ్మ కోరిక చాలా చిన్నది. తను చెప్పకుండా, ఒక్కరంటే ఒక్కరు, తన బొమ్మ ఏమిటో గుర్తుపట్టాలి. ఆ ఒక్కరూ మాస్టారే అయితే జన్మ ధన్యమైనట్టే.

ఈసారి పంతం పట్టి బిస్కెట్లు వేసింది. గుండ్రటి పలచటి రాళ్లు ఏరి, సబ్బుతో తోమి ఆరబెట్టింది. లోపలి గోళీ గలగలలాడేదాకా మార్కర్ ఊపింది. ములికిని ముందు పాత కాగితం మీద నొక్కి రంగు దించుకుంది. తిన్నగా రాయి మీదే నొక్కితే రంగు బొళుక్కున కారి, పిల్లి కన్ను పిల్లినే మింగేసిన అనుభవం ఉంది మరి. గోధుమరంగు పూత ఆరాక ఇంకో పూత, అంచున గాట్లు, మధ్యలో చుక్కలు, ఆపైన వార్నిష్. అంతా అయ్యాక చూస్తే తనకే నోరూరింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, ఆ సాక్ష్యం చెల్లదు.

సాసర్లో పెట్టి మొగుడికి చూపించింది.

"ఇంత పెద్ద బొత్తాలు ఏ కోటుకే?" అని ఆయన క్లినిక్కులోకి వెళ్లిపోయాడు.

ఆవిడకు ఒళ్లు మండింది. సాసరు తీసుకెళ్లి రోగులు కూర్చునే గదిలో పత్రికల పక్కన పెట్టి, తలుపు చాటున నిలబడింది. వచ్చినవాళ్లు ఏదో ఒకటి అనకపోతారా అని ఆశ.

అప్పుడే పళ్లు శుభ్రం చేయించుకోవడానికి మాస్టారు వచ్చారు. సాసరు చూశారు. గదిలో ఎవరూ లేరని చూసుకున్నారు. "ఎలాగూ లోపల తోముతారుగా" అని గొణుక్కుని ఒకటి నోట్లో పెట్టుకున్నారు. నిజానికి వద్దని అరవాల్సింది డాక్టరమ్మ. సంతోషంలో ఆ సంగతే మరిచిపోయింది.

టక్కుమంది. ఆ వెంటనే మాస్టారు పెట్టిన కేకకు క్లినిక్కు దద్దరిల్లింది.

డాక్టరు పరుగున వచ్చి పన్ను చూశాడు. డాక్టరమ్మ పరుగున వచ్చి రాయి చూసింది. ముందుపన్ను మూల విరిగింది. రాయి మీద రంగు పిసరంత కూడా లేవలేదు.

"మాస్టారూ, ఏమనుకుని కొరికారు?" అంది ఆవిడ, లోపల ఆయన్ను కూర్చోబెట్టిన కుర్చీ పట్టుకుని.

మాస్టారి నోటి నిండా దూది. డాక్టరుకు చిర్రెత్తుకొచ్చింది. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. అవతలికి నడువు!"

ఆవిడ కదిలితేనా! బొత్తాం అంటారేమోనని ఆయన నోటి వంకే చూస్తోంది.

దూది తీయగానే మాస్టారు మండిపడ్డారు. "బిస్కెట్టనుకుని! రాయి అని తెలిస్తే కొరుకుతానా?"

"కళ్లజోడు పెట్టుకునే చూశారా?"

"పెట్టుకునే చూశానమ్మా, పెట్టుకునే!"

డాక్టరమ్మ బావురుమంది.

"పన్ను విరిగింది ఆయనది. మధ్యలో నువ్వెందుకే ఏడుస్తావు?" అన్నాడు డాక్టరు.

"మాస్టారు గుర్తుపట్టారండీ!"

ఆ మాటకు మాస్టారి కోపం సగం దిగింది. చేయి చాచి రాయి తీసుకుని, వెలుతురులో తిప్పి చూసి, "చుక్కలు సమంగా లేవు" అన్నారు. విరిగిన పన్నును నాలుకతో ఓసారి తడుముకుని గొంతు తగ్గించారు.

"ఇంకో రెండు పొట్లం కట్టివ్వమ్మా. సాయంత్రం మా బావమరిది టీకి వస్తున్నాడు."