సామికి తల్లి వచ్చింది

పూర్వం కాటి కావలి దేవుడు సుడలైమాడన్ సామి ఏడాదికి ఒక్కసారే వచ్చేవాడు. కొడై పండుగనాడు మూక్కన్ అనే భక్తుడి మీద పూని, సారాయి తాగి, చుట్ట కాల్చి, నాలుగు మాటలు చెప్పి తన దారిన పోయేవాడు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ వెనక వీధి చివర బ్రాందీ కొట్టు పెట్టిన నాటి నుంచి రోజూ దిగసాగాడు. కొట్టు పదింటికి తెరిస్తే సామి పదీ అయిదుకు హాజరు. కొట్టుకు సెలవైతే ఎంత డప్పు కొట్టినా రాడు.

మూక్కన్ కాళ్లు వాచాయి, కళ్లు పసుపు ముద్దలయ్యాయి. విరుదునగరం డాక్టరు, ఇంకా తాగితే మనిషి దక్కడని అతని పెళ్లాం బొమ్మక్కతో తేల్చి చెప్పాడు.

"తాగేది నేనా? సామి గదా. సూది సామికే ఎయ్యమను," అన్నాడు మూక్కన్.

సీసాలు తెచ్చిపెడుతున్నది వీధివాళ్లే. ఇవ్వొద్దని బతిమాలడానికి బొమ్మక్క పెద్దమనిషి లక్ష్మణసామి దగ్గరికి వెళ్లింది.

"అట్టా జెప్పొద్దమ్మా. వాడు వట్టి తాగుబోతంటే నా బాయి గతేంగాను? సామి సూపిచ్చిన తావులోనే తవ్వినాను."

ఆ బావిలో చుక్క నీరు పడలేదు, అది వేరే సంగతి. పక్కింటి వీరమ్మాళ్ సామి చూపిన పిల్లవాడికే కూతుర్నిచ్చింది. వాడు మామూలు రోజుల్లోనూ ఊగుతాడు. మూక్కన్‌ది తాగుడని ఒప్పుకుంటే వీధి వీధంతా వెర్రిబాగులవాళ్లవుతారు. అంతకంటే సీసాకు పసుపు రాసి తెచ్చివ్వడమే నయమనుకున్నారు. బొమ్మక్కకు ఆ వీధిని తగలబెట్టాలనిపించింది. అగ్గిపుల్లలకు కొదవా?

ముల్లును ముల్లుతోనే తీయాలి. శుక్రవారం పొద్దున సామి సీసా మూత తిప్పుతుండగా, బొమ్మక్క జుట్టు విరబోసుకుని ఊగుతూ వచ్చింది.

"రేయ్ సుడలై, నేను ఎవురనుకున్న్యావు? నీ తల్లి పేచ్చియమ్మను. సీసా కింద పెట్రా."

సామినైనా కాదనొచ్చు గానీ, సామి తల్లిని కాదనే మొనగాడెవడు? లక్ష్మణసామి పరుగున వేపాకు తెచ్చాడు. మూక్కన్ అటూ ఇటూ చూశాడు. ఆమెది నటన అంటే తనదీ నటనే అవుతుంది.

"సరేమ్మా," అని సీసా కింద పెట్టాడు.

ఇక తల్లి వెళ్లలేదు. వెళితే కొడుకు సీసా ఎత్తుతాడు. బొమ్మక్క విరబోసిన జుట్టుతోనే గంజి కాచింది, కంపెనీలో పుల్లలు పెట్టెలకెత్తింది. జుట్టు ముడి వెయ్యమనడానికి జంకి మేస్త్రీ చెల్లదురై ఆమెకు దణ్ణం పెట్టి మరీ పని చెప్పేవాడు. ఇంట్లో చాప వేరైంది. సారాయి లేక గోడకు ఆనుకుని మూక్కన్ గడగడా వణుకుతుంటే, పెళ్లాంలా పట్టుకోవడానికి లేక, తలమీద చెయ్యి పెట్టి దీవించి ఊరుకునేది.

తొమ్మిదో నాటి మధ్యాహ్నం అతను గడపలో కూర్చున్నాడు. కళ్లలో పసుపు కాస్త తగ్గింది.

"అమ్మా, నువ్వు ఎప్పుడు పోతావు?"

"ఏంటికిరా?"

"నా పెండ్లాంతో ఒగ మాట జెప్పాల."

బొమ్మక్క చెయ్యి దానంతటదే జుట్టు ముడి వెయ్యబోయింది. ఎదురింటి అరుగు మీద లక్ష్మణసామి పసుపు రాసిన సీసా ఒళ్లో పెట్టుకుని, తల్లి ఎప్పుడు వెళుతుందా అని భక్తిగా కనిపెట్టుకుని ఉన్నాడు.

"ఆమె ఇప్పుడు రాదు. నాతో జెప్పు, జెప్తాను."

మూక్కన్ గడపలో ఒక పక్కకు జరిగాడు.

"బయంగా ఉండాదని జెప్పు. పక్కన కూర్సోమని జెప్పు."

"జెప్తాలే బిడ్డా," అంది బొమ్మక్క, నిలుచున్న చోటు నుంచి కదలకుండా.